ఒక్క నిమిషం కాఫీ

కిరండూల్ గనుల టౌన్‌షిప్‌లో క్వార్టర్ ఖాళీ చేసేవాళ్ళకి ఆఖరి రోజు పొయ్యి ఉండదు. ఆ పూట కాఫీ పక్కింటివాళ్ళే ఇవ్వాలి. ముప్పై ఏళ్ళుగా ఎందరికో ఇచ్చాను. వాళ్ళలో మళ్ళీ కనబడినవాళ్ళు లేరు. అందుకే పక్కింటి హైమావతి వెళ్ళే రోజు ముందుగానే లేచి ఫిల్టర్‌లో పొడి వేసి ఉంచాను.

ఆమె సైకిల్ పంపులాంటి వస్తువొకటి పట్టుకుని వచ్చింది.

"పిన్నిగారూ, కాసిని మరిగే నీళ్ళు పొయ్యండి చాలు. ఇది చేత్తో నొక్కితే ఒక్క నిమిషంలో చిక్కటి కాఫీ వచ్చేస్తుంది. మా అల్లుడు కొన్నాడు."

"కాఫీకి పంక్చరయిందా, గాలి కొడుతున్నావు?"

"వెటకారం చాలుగానీ, నీళ్ళు ఇవ్వండి. మీకు శ్రమ ఎందుకనీ..."

"నీళ్ళు లేవు."

"పొయ్యి మీద మరుగుతున్నాయిగా!"

"అవి నా ఫిల్టర్‌కి." ఆమె చూస్తుండగానే ఆ నీళ్ళన్నీ ఫిల్టర్‌లో పోసేశాను. "అరగంటలో డికాక్షన్ దిగుతుంది. కూర్చో."

"తొమ్మిదింటికల్లా జీపు వచ్చేస్తుందండీ."

"రానీ, హారన్ కొట్టుకోనీ. పద్దెనిమిదేళ్ళు పక్కింట్లో ఉండి, ఒక్క నిమిషంలో తాగేసి పోతావా? పెద్ద గొప్ప మిషను!"

హైమావతి ఆ పంపును నేల మీద పెట్టి, పీట లాక్కుని కూర్చుంది.

ఫిల్టర్‌లో పొడి మామూలుకంటే గట్టిగా అదిమానని, గంటకు గానీ డికాక్షన్ దిగదని నేను చెప్పలేదు.