పొంగని పాలు

మస్కట్‌లో స్వప్న పొద్దున లేస్తూనే చేసే మొదటి పని వంటింటి కిటికీ తెరవడం. తెరవగానే ఎల్బీనగర్ దుమ్ము లోపలికి వచ్చేది. ఫ్లాటు మూడో అంతస్తులో ఉన్నా ఆ కిటికీ మాత్రం నేలకు నాలుగడుగుల ఎత్తులోనే ఉండేది. అది చౌరస్తా పక్క గల్లీలో వాళ్ళు ఇదివరకు కిరాయికున్న పోర్షన్ కిటికీ. అక్కడ పొద్దు గంటన్నర ముందు నడుస్తుంది కనుక, ఇక్కడ ఆరు కాకముందే ఆకుకూరల కిష్టమ్మ బండి ఆపి కిటికీ గట్టు మీద తోటకూర కట్ట పెట్టి పోయేది. చైతన్యపురి, కొత్తపేట ఆడవాళ్ళు గుడ్డా, ఆది జాకెట్టూ కిటికీలోంచి అందించేవారు. స్వప్న కుట్టిన జాకెట్లు మూడోనాటికి అదే కిటికీలోంచి వెళ్ళేవి.

దీనికి కారణం పాలు. కొత్త ఇంట్లో దిగినవాళ్ళు ముందుగా పాలు పొంగిస్తారు కదా. కాచడం కాదు, పొంగించడం. గిన్నె అంచు దాటి పొయ్యి మీదికి కారేదాకా ఆగాలి. అప్పుడుగానీ ఇల్లు, వీళ్ళు నావాళ్ళు అనుకోదు. మస్కట్‌లో దిగిననాడు జగన్ అది కానివ్వలేదు. స్టవ్ ఖరాబవుతుందని, కప్పులో పాలు పోసి మైక్రోవేవ్‌లో ఒక్క నిమిషం పెట్టాడు. పాలు వేడెక్కాయి, పొంగలేదు. "అయిపోయింది గృహప్రవేశం," అని కప్పు కడిగేశాడు. మిగతా గదులు ఎలాగో సర్దుకున్నాయి, వంటిల్లు మాత్రం ఒప్పుకోలేదు, పాత ఇంటి కిటికీనే తెచ్చిపెట్టుకుంది. అక్కడ ఎల్బీనగర్‌లో, ఆ పోర్షన్ లోపల కిటికీ ఉండాల్సిన చోట ఉత్త గోడ మిగిలింది. గాలి రాని వంటింట్లో ఎవరుంటారు? ఓనరు మట్టయ్య దానికి తాళం వేసి, దారిన పోతూ స్వప్న కనబడితే మర్యాదగానే గొణిగేవాడు.

జగన్ ఒక కంపెనీ స్టోర్‌లో సూపర్‌వైజరు. మేకులూ బోల్టులూ పైపులూ అతని అధీనంలో ఉంటాయి, వాటిని చూసుకోవడానికి అతను టై కట్టుకుంటాడు. నల్గొండ పక్క ఊరి నుంచి ఎల్బీనగర్‌కు వచ్చినవాడు, ఊరేదని అడిగితే హైదరాబాద్ అని చెప్పి, ఏ వైపు అని అడిగేలోగా మాట మార్చేవాడు. తన మాటను చెప్పుల్లా గుమ్మం బయట విప్పి, పక్క ఫ్లాటు జోగారావు దగ్గర నేర్చుకున్న మాట తొడుక్కుని తిరిగేవాడు. ఆ జోగారావు భార్య సూర్యప్రభ గోంగూర కోసం ఈ కిటికీ దగ్గరికే వచ్చేది. "మా ఆయనది భీమవరమమ్మా," అంది ఒకసారి. "ఆయన కూడా మీ ఆయనంత గోదావరి మాట్లాడరు."

అయిదేళ్ళ లహరి "ఏంది నాయినా" అంటే, "ఏంటి డాడీ" అని పదిసార్లు పలికించేవాడు. స్వప్న అతన్ని తిట్టడం మానేసి చాలా రోజులైంది. తిట్టాలంటే మనిషి మీద కొంతైనా ఆశ ఉండాలి.

ఆ రోజుల్లో గల్లీ చివర టెంటు వేసి తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు చేస్తున్నారు. జగన్ టీ కప్పుతో కిటికీలో నిలబడి, పనీపాటా లేనివాళ్ళని నవ్వేవాడు. కిష్టమ్మ ఒకనాడు తలెత్తి చూసింది.

"నీకు పని దొరికింది గదా కొడుకా. టై కట్టుకొని మేకులకు కావలి గాసే పని."

అంతలోనే అతని మేనేజరు శుక్రవారం భోజనానికి వస్తానన్నాడు. పెద్దమనిషి పళ్ళెంలో ఎల్బీనగర్ దుమ్మూ, చెవిలో నినాదాలూ పడితే తన పరువేం కాను? జగన్ క్యాలెండర్ చూసి ఆదివారం తొమ్మిది గంటలకు ముహూర్తం పెట్టాడు. ఈసారి స్టీలు గిన్నెలో, పద్ధతిగా పాలు పొంగిస్తాడు. పొంగితే కిటికీ మస్కట్ వైపు తిరుగుతుంది, ఇక ఎల్బీనగర్ కనబడదు.

"మరి నా కుట్టుపని?" అంది స్వప్న.

"గల్లీల జాకెట్లు కుట్టేదాన్ని నా పెండ్లామని మా మేనేజర్‌కు ఎట్ల చెప్పాలె?" అన్నాడు జగన్. కోపం వస్తే తొడుక్కున్న మాట జారిపోయి అసలుది బయటపడేది.

ఆ ఆదివారమే అక్కడ వంటా-వార్పుకు పిలుపు వచ్చింది. అంటే, బండ్లు కదలకుండా జనం రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. కిష్టమ్మ సరిగ్గా కిటికీ ఎదురుగా మూడు రాళ్ళు పేర్చి పప్పు ఎసరు పెట్టింది. జగన్ అది చూసి, అడుక్కుతినేవాళ్ళు నయమని ఈసడించి, స్టవ్ వెలిగించి గిన్నె పెట్టాడు. పాల మీద మీగడ ముడతలు పడుతుండగా ఫోను మోగింది. మేనేజరు. జగన్ టై సర్దుకుని, ఫోనులో కనబడేది లేకపోయినా వంగి, సార్ సార్ అంటూ హాల్లోకి పోయాడు.

"స్వప్నా, జర చెయ్యి వడుదువు రావే. పోపెయ్యాలె," అంది కిష్టమ్మ, రోజూ తోటకూర ఇచ్చే గొంతుతోనే.

స్వప్న స్టవ్ ఆర్పింది. కొంగుతో పాలగిన్నె పట్టి కిటికీలోంచి అందించింది. తర్వాత లహరిని అందించింది. తర్వాత కుట్టు మిషను తల విప్పి అందించింది. ఆఖరున చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, తానే గట్టు దిగింది. కిష్టమ్మ పప్పుకుండ దించి, పాలగిన్నెను మూడు రాళ్ళ మీదికి ఎక్కించింది.

జగన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందే గిది? పాలు ఇటియ్యి."

"నువ్వే రా," అంది స్వప్న. "నాలుగడుగులే."

అతను దుమ్మును చూశాడు. తన బూట్లను చూసుకున్నాడు. "గా రోడ్డు మీదికా? నేనా?"

స్వప్న మళ్ళీ పిలవలేదు. పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసింది. పాలు లేచాయి, అంచు దాటాయి, రాయి మీద పడి చుర్రుమన్నాయి. లహరి చప్పట్లు కొట్టింది. స్వప్న తల తిప్పేసరికి కిటికీలో జగన్ లేడు. లోపల పాత వంటిల్లు, తుడవని గట్టూ, మూలన బూజూ కనబడ్డాయి. మట్టయ్య పప్పన్నం విస్తరి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, తాళంచెవి కోసం లేచాడు.

ఆ తర్వాత నెలకు సూర్యప్రభ ఫోన్ చేసింది. ఆ ఫ్లాటు కిటికీలోంచి ఇప్పుడు ఎదుటి బిల్డింగు ఏసీ డబ్బాలు కనబడుతున్నాయట. మేనేజరు వచ్చి, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని మెచ్చుకుని పోయాడట.

"మీ ఆయన రోజూ పాలు పొంగిస్తున్నారమ్మా. స్టవ్ మాడి నల్లగా అయిపోయింది. కిటికీ మాత్రం మళ్ళీ మీ ఎల్బీనగర్ వైపు తిరగట్లేదు. ఏం చెయ్యమంటావో నిన్నే అడగమన్నారు."

స్వప్న ఎవరిదో జాకెట్టు చంకభాగం కుడుతోంది. దారం పంటితో కొరికింది.

"మైక్రోవేవ్‌ల పెట్టి చూడుమను అక్కా," అంది. "ఒక్క నిమిషం."