రంగు ముంచని పొట్టేలు

నలభై ఏళ్లు రాయదుర్గం గోడల మీద బొమ్మలేసి బతికాను. గుత్తి కోట కింద ఒకసారి ఆవును గీస్తే, ఒక దూడ వచ్చి పొదుగుకు మూతిపెట్టి సున్నమంతా నాకేసింది. నమ్మకపోతే వెళ్లి చూడండి. గోడ లేదుగానీ గుత్తి ఉంది.

ఇంతటివాణ్ని కాబట్టే, జీన్స్ కుట్టించే బాలసుబ్రహ్మణ్యం శెట్టి నన్ను కంప్యూటర్ సెంటరుకు పిలిపించాడు. ప్యాంటు వెనక కుట్టే లేబులుకు పొట్టేలు బొమ్మ కావాలంటే, అక్కడి నిఖిత గీసింది. అది ఆ పిల్లకు సొంతంగా దొరికిన మొదటి పని. శెట్టికేమో అనుమానం. కిందటేడు ఎవడో కాపీ కొట్టి ఇచ్చిన బొమ్మను నమ్మి, సరుకంతా బెంగళూరు నుంచి వెనక్కి తెప్పించుకున్నాడు మరి.

"ఏమప్పా ఆదెప్పా, నువ్వే చూసి చెప్పు. కంప్యూటర్లో ఇట్ల కుంచె చారలు వస్తాయా? ఎవురో చేత్తో గీసింది ఎత్తుకొచ్చిందంటే, ఈ పని ఇంగొకరికి ఇచ్చేస్తా."

తెర మీది పొట్టేలును చూసి నాకూ అనుమానం పట్టుకుంది. కొమ్ముల అంచున, వీపు మీద, ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచెతో ఈడ్చినట్లు గరుకు చారలు. కంప్యూటర్ చేసినవాళ్లు ఈతచెట్టును ఎప్పుడు చూశారు?

"ఎవురి గోడను ఫోటో తీసినావే పాపా? నాదేనా?"

"లే తాతా, నేనే గీసినా. చూడు."

నిఖిత ఉత్త సన్నగీత ఒకటి గీసి, తెర మీదే పక్కనున్న కుంచెల వరుసలో ఒకదాన్ని నొక్కింది. గీత గరుకు చార అయింది. గుండ్రం గీసి నొక్కితే గుండ్రం చుట్టూ అదే గరుకు. పొట్టేలు కొమ్మును పట్టి లాగితే, కొమ్ముతో పాటు చారలూ సాగాయి.

"గారడీ," అన్నాడు శెట్టి. "గుడ్డలమ్మేటోన్ని. సాగేదాన్నంతా నమ్మితే అయినట్లే."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ పిల్ల పని నా నోటి మాట మీద ఆగింది. దాపరికం ఎందుకు, నా గోడల్ని మింగిన ఫ్లెక్సీలు పుట్టింది ఇలాంటి సెంటర్లలోనే. "దొంగదే" అంటే ఒక్క మాటతో నా కోపం తీరిపోయేది. కళ్లద్దాలు తుడుచుకుని, ముక్కు తెరకు ఆనించి, కొమ్ము నుంచి తోక దాకా వెతికాను. వెతికింది దొరకలేదు.

"సావుకారీ, ఇది మనిషి చెయ్యి కాదు."

"ఎట్ల చెప్తావు?"

"దీంట్లో యాడా రంగు ముంచలేదు. మేమైతే మూడు చారలకొకసారి డబ్బాలో ముంచల్ల. ముంచినాక మొదటి చార లావుగా, తడిగా పడతాది. పోనుపోను ఎండిపోతాది. ఈ పొట్టేలు కొమ్ము కాడ్నుంచి తోక దాకా ఒకేతీరుగా ఎండింది, మన అనంతపురం మాదిరి."

శెట్టి నవ్వలేదు. "నువ్వు ఈ పాపకు చుట్టమా?" అని, టీ తాగొచ్చి చెప్తానని బయటికి పోయాడు.

అక్కడితో ఊరుకుంటే నేను ఆదెప్పనెందుకవుతాను?

"పాపా, ముంచిన గుర్తులు పెట్టు. బొమ్మకు పానమొస్తాది," అన్నాను.

నిఖిత మొదటి బొమ్మను అలాగే ఉంచి, దానికి నకలు తీసింది. మొదలు లావుగా, చివర ఎండుగా ఉండే ఇంకో కుంచెను వెతికి, మూడు చారలకొకటి మార్చింది. పొట్టేలు ఇప్పుడో ఇంకాసేపటికో తుమ్మేటట్లు తయారైంది. ఉన్ని వాసన కూడా వచ్చిందంటే మీరు నమ్మరు.

శెట్టి తిరిగొచ్చి చూశాడు. లావు చారల మీద వేలు పెట్టి వరసగా పోయాడు. ముఖం మాడిపోయింది.

"ఇది చేత్తో గీసిందే! నేను టీకి పోయేదాకా కాచుకోని, ఎవురిదో తెచ్చి పెట్టినారు ఇద్దరూ!"

"నేను చెప్తేనే పెట్టింది సావుకారీ."

"ముంచిన గుర్తులుంటే మనిషిదని నువ్వే అంటివి గదప్పా!"

నా మాటే నా కాళ్లకు అడ్డం పడింది. నిఖిత కళ్లు తుడుచుకుని, రెండు పొట్టేళ్లనూ తెర మీద పక్కపక్కన నిలబెట్టింది.

శెట్టి చాలాసేపు వాటిని మార్చి మార్చి చూశాడు. చివరికి ఎండిన పొట్టేలు మీద వేలు పెట్టాడు.

"ఇదే వెయ్యి పాపా. పానం లేకపోతే పాయ, ముంచిన గుర్తు లేదు గాబట్టి అనుమానమూ లేదు. మిగతా లేబుళ్లు గూడా నువ్వే గీయి. ఈ తాతను మాత్రం లోపలికి రానీవద్దు."