ట్రాక్టర్ ముక్క

"బటన్ నొక్కితే దానంతట అదే అయితది గదా, దానికి పొద్దంతా కూసునుడేంది?" అని గుమ్మంలోంచే ఒక మాట పడేసి, ఉదయ్ భాస్కర్ బండి తాళాలు తీసుకుని ఇల్లందు వెళ్ళిపోయాడు.

నిజమే, బటన్ నొక్కితే దానంతట అదే అవుతుంది. ఈ ఇంట్లో అన్నీ అలాగే అవుతాయి. పొయ్యి వెలిగిస్తే అన్నం దానంతట అదే ఉడుకుతుంది. ఉతికిన చొక్కా దానంతట అదే ఇస్త్రీ చేసుకుని హ్యాంగరుకి వేలాడుతుంది. మావయ్యగారి బీపీ బిళ్ళ వేళకి దానంతట అదే ఆయన అరచేతిలో పడుతుంది. పద్మప్రియ ఈ మాటలేవీ పైకి అనలేదు. అనే ఓపిక కంప్యూటరు పట్టుకుపోయింది.

రేపు ఆదివారం మావయ్య చెంచురామయ్యగారి షష్టిపూర్తి. కుర్రతనంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కారేపల్లి అవతల తుప్పలు కొట్టించి మిరప తోటలు వేసిన మనిషి. ఆయన జీవితమంతా ఓ సినిమాగా కుట్టి ఫంక్షన్ హాల్లో తెర మీద వేయిస్తానని ఉదయ్ భాస్కర్ బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పేశాడు. చెప్పడం అతని వంతు, కుట్టడం ప్రియ వంతు. "స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెప్తవు గదా, నీకేంది, చిటికెల పని" అన్నాడు. ఆ స్కూల్లో కూడా ఆమె పని చిటికెల పనే. ఆమె పాఠాలు చెప్పి వచ్చాక, మిగతా మాస్టర్ల ప్రశ్నపత్రాలన్నీ టైపు చేసి పెట్టడం కరస్పాండెంటు దృష్టిలో విశ్రాంతి కిందికి వస్తుంది.

సినిమా కుట్టడం అయిపోయింది. పాత ఫొటోలు, వీడియో కెమెరా టేపుల్లోంచి తీసిన ముక్కలు, మధ్యలో పాటలు, మొదట్లో మావయ్యగారి పేరు, చివర్లో 'నిర్మాణం, దర్శకత్వం: ఉదయ్ భాస్కర్'. అతనే అలా వేయమన్నాడు. కింద 'సహకారం' అని కూడా ఒకటి వేయమన్నాడు. ఎవరి పేరని ప్రియ తలెత్తి చూసింది. "ఫొటో స్టూడియో వాళ్ళది పెట్టు. ప్రొజెక్టర్ ఇస్తున్నరు గదా, బాగుండదు" అన్నాడు.

అంతా అయ్యాక సేవ్ చేయబోతేనే వచ్చింది తంటా. పచ్చగీత నెమ్మదిగా పాకుతుంది, ఇక వచ్చేసింది అనుకునేంత దూరం వస్తుంది, అక్కడ బిగుసుకుపోతుంది. ఆ తర్వాత ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఈ ప్రోగ్రాం పనిచేయడం మానేసింది, అసౌకర్యానికి చింతిస్తున్నాము అని ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా చెప్పి మొత్తం మాయమైపోతుంది. మొదట్లో ఆ కిటికీని చూస్తే ఏడుపొచ్చింది. ఇప్పుడు కుళ్ళుగా ఉంది. ఎంత సుఖం దాని బతుకు! నడిపొద్దున వంటింట్లో నిలబడి, 'పద్మప్రియ పనిచేయడం మానేసింది, అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని ఓ పలక మెళ్ళో వేసుకుని మాయమైపోగలిగితే! దీనినైతే కనీసం మళ్ళీ బతిమాలి తెరుస్తారు.

తనకి తెలిసినవన్నీ చేసింది. చోటు చాలడం లేదేమోనని ఉదయ్ భాస్కర్ దాచుకున్న పాటలన్నీ వేరేచోటికి మార్చింది. ముక్కకీ ముక్కకీ మధ్య పేజీ తిప్పినట్టు పెట్టిన సోకులన్నీ పీకేసింది. కంప్యూటర్ని ఆపింది, చల్లబడనిచ్చింది, మళ్ళీ పెట్టింది. గీత పాకింది, బిగుసుకుంది, చింతించింది.

అత్తయ్య రాఘవమ్మకి ఇదంతా దిష్టి లక్షణంగా కనపడింది. "మీ మావయ్య ఫొటోలన్నీ ఒక్కచోట చేర్చావు, తగలదూ మరి" అని గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు తిప్పి, పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు, అదీ లెక్క. ఇవేమో సొంత తోటలోవి. క్షణంలో ఇల్లంతా ఘాటు కమ్మింది. పెరట్లో అంట్లు తోముతున్న పనిమనిషి బాలి కూడా దగ్గుతూ గోడ అవతలికి పరిగెత్తింది. రాఘవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీర్పు చెప్పింది. "ఘాటొచ్చింది. దిష్టేం లేదు. అయితే నువ్వే ఎక్కడో తప్పు చేసుంటావ్, చూసుకో."

కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ప్రియ మళ్ళీ కూర్చుంది. ఈసారి కోపం పనికొచ్చింది. సినిమాని సగానికి తెంచి మొదటి సగం సేవ్ చేసింది. చక్కగా అయింది. రెండో సగం చచ్చిపోయింది. ఆ రెండో సగాన్ని మళ్ళీ సగం చేసింది. చేటలో రాయి ఉందని తెలిసినప్పుడు బియ్యాన్ని కొంచెం కొంచెంగా ఇవతలికి లాగుతూ చూసినట్టు చూసుకుంటూ పోయింది. మధ్యలో లేచి మావయ్యగారికి కాఫీ ఇచ్చింది. రేపటికి వత్తులు చేసింది. చుట్టాలకి పక్కలు సర్దింది. వచ్చి కూర్చుని మళ్ళీ సగం చేసింది. చివరికి రాయి దొరికింది.

అది ట్రాక్టర్ ముక్క.

కిందటేడు మిరప కోతలప్పుడు తీసింది. ఆరోజు డ్రైవరు రాలేదు. బస్తాలు కళ్ళంలోంచి ఇంటికి చేరాలి, మబ్బు పట్టింది. పుట్టింట్లో, మధిరలో, అన్న పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య గుర్తొచ్చి ప్రియ చీర కుచ్చిళ్ళు దోపుకుని సీటెక్కింది. మావయ్యగారు ఊళ్ళో లేరు కాబట్టి సరిపోయింది. "ఆడమనిషి ఎక్కిన బండి రిపేరు ఖాయం" అంటారాయన. ట్రాక్టర్ చెంగున కదిలింది. ఆమె నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా, తల వెనక్కి వాల్చి, ఇంట్లో ఎప్పుడూ నవ్వనంత గట్టిగా నవ్వింది. ఉదయ్ భాస్కర్ కూడా నవ్వుతూ, కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌లో వీడియో తీశాడు. "అరె, నువ్వు గిట్ల కూడ ఉంటవా!" అన్నాడు. ఆ మాట ఆమె చాలా రోజులు దాచుకుంది.

ఫోన్లోంచి కంప్యూటర్‌కి మార్చినప్పుడు ఆ వీడియో లోపల ఎక్కడో దెబ్బతిన్నట్టుంది. చూస్తే బాగానే ఆడుతుంది, సేవ్ చేయబోతే మాత్రం సినిమాని కూడా తీసుకుని పడిపోతుంది.

అసలైతే ఫోన్లో ఉండాలి. ఇల్లందుకి ఫోన్ చేసి అడిగింది.

"గా వీడియోనా? ఎప్పుడో తీసేసిన. మెమరీ నిండిందని." అవతల ఎవరితోనో మాట్లాడి మళ్ళీ ఇటు వచ్చాడు. "దానివల్లనే ఆగుతుందంటున్నవు గదా, అదొక్కటి తీసెయ్. మిగతాదంతా మంచిగనే ఉంది గదా. నాన్న సినిమాల అదెందుకు, ఎవరడుగుతరు?"

ఫోన్ పెట్టేసి ప్రియ సినిమాని మొదటి నుంచి చివరి దాకా చూసింది. మరిది పెళ్ళి. ఆడపడుచు సీమంతం. భద్రాచలంలో కల్యాణం చూసి వస్తూ గోదారి ఇసకలో అందరూ కూర్చుని పులిహోర తినడం. పిల్లాడి అక్షరాభ్యాసం. ఆమె ఎక్కడా లేదు. ఉండదు మరి, కెమెరా ఆమె చేతిలో ఉంది. 'నీ చెయ్యి వణకదు' అని అందరూ మెచ్చుకుని ఆమెకే అంటగట్టేవారు. కెమెరా చేతిలో లేని వేళ ఆమె వంటింట్లో ఉంది. కన్నకొడుక్కి అక్షరాలు దిద్దిస్తుంటే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది నాయనమ్మ. పక్కన ఓ గాజుల చెయ్యి పలక అందిస్తూ కనపడుతుంది, అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నిండుగా కనపడింది ఆ ట్రాక్టర్ మీదే. అదొక్కటి తీసేస్తే సినిమా సాఫీగా నడుస్తుంది.

ఒళ్ళు మండిపోయింది. తీసేస్తే ఎవరూ అడగరన్న మాట అబద్ధమైతే ఇంత మండేది కాదు. అది నిజం కాబట్టే మండింది.

పోనీ మళ్ళీ ట్రాక్టర్ ఎక్కి తీయించుకుంటే? ట్రాక్టర్ వస్తుంది. ఆ నవ్వు రాదు. ఆ ముక్కని మళ్ళీ ఆడించింది. బొమ్మ ఆడుతోంది కదా. ఆడుతున్న దాన్ని తీయొచ్చు కదా! లేచి బీరువాలోంచి వీడియో కెమెరా తీసింది. బియ్యం డబ్బా మీద దిండు, దిండు మీద కెమెరా, ఎదురుగా కంప్యూటర్. కిటికీలు మూసింది. కెమెరా నొక్కి, ట్రాక్టర్ ముక్కని మొదలుపెట్టింది.

తెర మీద ట్రాక్టర్ కదిలిందో లేదో వంటింట్లోంచి కేక. "ప్రియా! పాలు పొంగుతున్నాయే, ఎక్కడున్నావ్?"

నోటిదాకా వచ్చిన 'వస్తున్నా అత్తయ్యా' ని మింగింది. పలికితే ఆ గొంతు కూడా టేపులో పడుతుంది.

"అమ్మాయ్! నా కళ్ళజోడెక్కడ పెట్టావ్?" వసారాలోంచి మావయ్య.

అప్పుడే బండి ఆగిన చప్పుడు. "ప్రియా, టవలేది? ప్రియా! ఓ ప్రియా! వినపడ్తలేదా?"

"చెవుడొచ్చినట్టుంది దానికి. పాలన్నీ పొయ్యి పాలు!"

ఏదో దొంగతనం చేస్తున్నట్టు కదలకుండా నిలబడింది. తెర మీద ఆమె మాత్రం ఎవరి కేకా పట్టనట్టు తల వాల్చి నవ్వుకుంటూ పోతోంది. ముక్క అయిపోయాక కెమెరా ఆపి, వెళ్ళి పొయ్యి తుడిచింది. కళ్ళజోడు మావయ్యగారి జేబులోనే ఉంది. టవల్ ఎప్పుడూ ఉండే తాడు మీదే ఉంది.

పాత ముక్క తీసేసి కొత్తది అతికించింది. బొమ్మ కొంచెం మసగ్గా, అడ్డంగా గీతలు పాకుతూ ఉంది. ఫరవాలేదు, మనిషి తెలుస్తోంది. స్పీకర్లోంచి వచ్చిన ట్రాక్టర్ చప్పుడు మీద ఇంట్లోవాళ్ళ కేకలన్నీ ఒక్కటి పోకుండా పడ్డాయి. వాటిని మూయడం పెద్ద పనేం కాదు, మౌస్‌తో ఒక్క నొక్కు. పైన ఓ పాట వేస్తే సరి. మౌస్ అక్కడిదాకా తీసుకెళ్ళింది. ఒకసారి మళ్ళీ విన్నది. అక్కడి నుంచి మౌస్ తిప్పుకుని వచ్చి సేవ్ నొక్కింది. పచ్చగీత పాకింది. బిగుసుకునే చోటు దాటింది. చివరిదాకా వెళ్ళింది.

"చూసినవా, తీసేస్తే ఎట్లయిందో!" అన్నాడు ఉదయ్ భాస్కర్, తల తుడుచుకుంటూ. ప్రియ సినిమా ఎక్కించిన సీడీని కవరులో పెట్టింది.

మర్నాడు ఇల్లందు ఫంక్షన్ హాల్లో ఓ పక్క భోజనాల బల్లలు, ఎదురుగా తెర. కేటరింగ్ ఎంత పెద్దదైనా దగ్గర చుట్టాల మొదటి బంతికి కోడలే వడ్డించాలి, అది ఈ ఇంటి పద్ధతి. సినిమా కూడా మొదటి బంతి తింటుండగానే నడవాలని ఉదయ్ భాస్కర్ పట్టు.

"మధ్యలో ఆగిపోతే ఎవరు చూస్తారండీ?" అంది ప్రియ.

తండ్రీ కొడుకులు మొహాలు చూసుకున్నారు. దాన్ని మళ్ళీ నడిపించడం వాళ్ళెవరికీ రాదు. "అయితే నువ్వు ఆడనే కూసో" అన్నాడు. ప్రియ ముందు వరసలో, ప్రొజెక్టర్ పక్క కుర్చీలో, పట్టుచీర కొంగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వడ్డన కేటరింగ్ వాళ్ళు చూసుకుంటున్నారు.

పెళ్ళిళ్ళు నడిచాయి, సీమంతం నడిచింది, చుట్టాలు ఎవరికి వాళ్ళు తెర మీద వెతుక్కుని మురిసిపోయారు. అప్పుడు ట్రాక్టర్ వచ్చింది. "ఎవరే అది? మన ప్రియే!" అంది ఎవరో పెద్దావిడ. చెంచురామయ్యగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. హాలు స్పీకర్లు పెద్దవి. "ప్రియా! పాలు పొంగుతున్నాయే" అని రాఘవమ్మ గొంతు కప్పు అదిరేలా మోగింది. అందరూ గొల్లుమన్నారు. "నా కళ్ళజోడెక్కడ పెట్టావ్?" మళ్ళీ నవ్వారు. "టవలేది? వినపడ్తలేదా?" ఈసారి మగవాళ్ళే నవ్వారు. "చెవుడొచ్చినట్టుంది దానికి" అనేసరికి ఎవరూ నవ్వలేదు. రాఘవమ్మ విస్తట్లోకి చూస్తూ పప్పు కలుపుకుంటోంది. తెర మీద మనిషి మాత్రం ఒక్క కేకా వినకుండా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుకుంటూ, మబ్బు కిందుగా ట్రాక్టర్ తోలుకుపోతోంది.

"ప్రియా, నీళ్ళు!"

ఇదీ సినిమాలోదే అనుకున్నారు చాలామంది. కాదు. బంతిలోంచి ఉదయ్ భాస్కర్, అలవాటుకొద్దీ అరిచాడు. అరిచాక అతనికే తెలిసింది. బల్లల వెంబడి తలలన్నీ అతని వైపు తిరిగాయి. అక్కడి నుంచి ముందు వరస కుర్చీ వైపు తిరిగాయి.

ప్రియ మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. రెండు చేతులూ ఒళ్ళో పెట్టి వాటిని ఆపింది.

కొంతసేపటికి ఉదయ్ భాస్కర్ ఎంగిలి చేత్తోనే లేచి నీళ్ళ జగ్గు కోసం వెతకడం మొదలుపెట్టాడు. అదెక్కడుందో అతనికి తెలియదు. ప్రియకి తెలుసు, చెప్పలేదు. సినిమా చూస్తోంది.