ఔట్‌పుట్ సారు

చొక్కాకి ఒక చెయ్యి ఇస్త్రీ అయింది. రెండో చెయ్యి దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. అతను ఇస్త్రీపెట్టెలో మిగిలిన వేడితోనే మణికట్టు పట్టీని గట్టిగా నొక్కుతూ, గోడవైపు తిరిగి పడుకున్న చెల్లెల్ని మళ్ళీ పిలిచాడు.

"లే అమ్మా. పదింటిలోగా నేను కాలేజీలో ఉండాలి."

చెల్లెలు లేచి కూర్చుంది కానీ ఇటు తిరగలేదు. నిద్రపోయి లేచిన వాలకం కాదది.

బల్లమీద గీతలున్న జవాబుకాగితం ఒకటి ఉంది. పైన కాలేజీ ముద్ర, నిన్నటి తేదీ, కింద బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారి సంతకం. మధ్యలో ఏమీ లేదు. నిన్న సాయంత్రం పెద్దసారు దాన్ని మడిచి స్వయంగా అతని జేబులో పెట్టాడు. అతను పాఠాలు చెప్పే కంప్యూటర్ విభాగంలో అందరికీ ఆయన పెద్దసారే.

"మీ చెల్లెలి చేత ఇంట్లోనే రాయించండి. సంతకం పెట్టించి రేపు పట్టుకొచ్చేయండి. నూటికి నూరుమంది పాస్ అని గేటు దగ్గర బోర్డు రాయించేశాం. పెయింటర్ని మళ్ళీ పిలవమంటారా ఏంటి?" అని నవ్వాడు. తర్వాత నవ్వకుండా, "మీ కాంట్రాక్టు రెన్యువల్ ఫైలు కూడా నా బల్లమీదే ఉంది" అన్నాడు.

నిన్న ల్యాబ్ పరీక్ష. కొన్ని అంకెలు ఇస్తే, వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పెట్టే ప్రోగ్రాం రాయాలి. ఏ అంకెలు ఇస్తారో అందరికీ ముందే తెలుసు. రికార్డు పుస్తకంలో ఉన్నవే ఇస్తారు. అందుకని పిల్లలు కష్టపడి వరుసలో పెట్టించడం మానేసి, ముందే వరుసలో ఉన్న అంకెల్ని తెరమీద అచ్చు వేయిస్తారు. మిషన్ లోపల ఏ పనీ జరగదు, తెరమీద జవాబు మాత్రం సరిగ్గా ఉంటుంది. ఈ ఉపాయం పిల్లలు కనిపెట్టింది కాదు. క్లాసులో తలుపు దగ్గరికి వేసి అతనే చెప్పాడు.

చేరిన మొదటి ఏడాది ఇలా చెప్పలేదు. ల్యాబ్‌లో సగం మిషన్లు లేచేవి కావు. లేచినవాటి ముందు ముగ్గురేసి పిల్లల్ని కూర్చోబెట్టి, తప్పులు చెయ్యనిచ్చి, ఆ తప్పు ఎక్కడుందో వాళ్ళచేతే వెతికించేవాడు. ఒక్క పాఠమే వారాల తరబడి సాగింది. పిల్లలు బెల్లు కొట్టినా లేచేవాళ్ళు కాదు. ఏడాది చివర్లో సగంమంది ఫెయిలయ్యారు. "మీరు పాఠం చెప్పారండీ, సిలబస్ చెప్పలేదు" అన్నాడు పెద్దసారు. మరుసటి ఏడాదికి మళ్ళీ తీసుకుంటున్నట్టు రావలసిన ఆర్డరు ఎండాకాలం పోయి వానలు పడ్డా రాలేదు. ఆ రోజుల్లోనే తల్లి బట్టల కంపెనీలో రెండో షిఫ్టుకి కూడా ఒప్పుకుంది. రోజంతా కుట్లు సరిచూసి సరిచూసి ఆమె కళ్ళు అప్పుడే మొరాయించాయి. ఆర్డరు వచ్చాక అతను మళ్ళీ క్లాసుకి వెళ్ళి, జవాబు ఎలా రప్పించాలో మాత్రమే చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ ఫెయిలవలేదు.

నిన్న పరీక్షాధికారి గుమ్మంలోంచే తెరలన్నీ చూసుకుంటూ వచ్చాడు. అన్నిటిమీదా అవే అంకెలు, అదే వరుస. చివరి మిషన్ దగ్గర మాత్రం ఆగాడు. ఆ తెరమీద ఏడు రెండుసార్లు ఉంది. మూడు ఎక్కడా లేదు.

"ఈ అమ్మాయి ఎవరండీ?"

"మా చెల్లెలండీ."

ఆయన ఒక్క క్షణం తెరనీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. "క్లాసు మొత్తంలో ఈ అమ్మాయొక్కతే ప్రోగ్రాం రాసినట్టుంది" అని చిన్నగా నవ్వి, "కానీ జవాబు తప్పు కదండీ. నేను మార్కులు ఎలా వేస్తాను? మీరూ మీరూ చూసుకోండి" అంటూ ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి బస్సుకి వెళ్ళిపోయాడు.

తల్లి మూడు గ్లాసుల్లో టీ తెచ్చింది. ఇంట్లో ఉన్నవి ఆ మూడే. కూతురి పక్కన కూర్చుని, కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్ళీ బల్లమీద పెట్టింది.

"దీనిమీద నాలుగు ముక్కలు గీకిపారేస్తే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతమేంటే? వచ్చేవారం కంపెనీవాళ్ళు ఉద్యోగాలివ్వడానికి మీ కాలేజీకి వస్తున్నారన్నావు. ఫెయిలైనవాళ్ళని గుమ్మం కూడా ఎక్కనివ్వరన్నావు. ఆ మాట అన్నది నువ్వేగా?"

"నేనే అన్నాను" అంది చెల్లెలు.

"మరి?"

చెల్లెలు అన్న వైపు తిరిగింది. "అన్నయ్యా, నా ప్రోగ్రాంలో తప్పెక్కడుందో చెప్పు. రాత్రంతా చూశాను, కనపడలేదు."

"ఇప్పుడు అదా ముఖ్యం?"

"నాకదే ముఖ్యం."

తలకింద పెట్టుకున్న నోటుబుక్కు తీసి ఇచ్చింది. అతను విసుగ్గానే అందుకున్నాడు. మొదటి వరుస మీద వేలు పెట్టాడు. వేలు కిందికి జరిగింది, ఆగింది, వెనక్కి వెళ్ళింది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాంని ఇలా వేలితో చదివి ఎన్నేళ్ళయిందో అతనికే తెలియదు. చదువుతున్నకొద్దీ ముఖంలో విసుగు పోయింది.

"ఇదిగో, ఇక్కడ. రెండింటినీ అటూ ఇటూ మార్చేచోట. ఆగు, చూపిస్తాను."

తన గ్లాసు, చెల్లెలి గ్లాసు ముందుకి లాగాడు. చెల్లెలు టీ ముట్టలేదు. ఆ టీని కిటికీలోంచి పారబోసి, ఆ గ్లాసు నిండా నీళ్ళు పోశాడు.

"అయ్యో, చక్కటి టీ రా!" అంది తల్లి.

"ఇందులో టీ, అందులో నీళ్ళు. టీ అక్కడికి వెళ్ళాలి, నీళ్ళు ఇక్కడికి రావాలి. నువ్వేం రాశావు? టీని తిన్నగా నీళ్ళ గ్లాసులోకి ఒంపమన్నావు. ఒంపితే?"

"పొర్లిపోతుంది."

"మనకైతే పొర్లుతుంది. మిషన్‌లో ఒక గ్లాసులో ఒక్కటే పడుతుంది. కొత్తది రాగానే పాతది మాయం. నీ మూడు పోయింది అక్కడే. ఆ తర్వాత దీన్నిందులోకి ఒంపితే మళ్ళీ అదే ఏడు."

చెల్లెలు గ్లాసులకేసి చూస్తూ కూర్చుంది. "అయితే..." అంది. "అయితే ముందు ఒకదాన్ని ఎక్కడైనా దాచాలి." చుట్టూ చూసింది. "అమ్మా, నీ గ్లాసు!"

"నేనింకా తాగలేదే!"

"తాగెయ్యమ్మా, తొందరగా!"

తల్లి వేడి టీని రెండు గుక్కల్లో మింగి, నాలుక చురుక్కుమని ముఖం చిట్లించి, ఖాళీ గ్లాసు చాపింది. "ఇద్దరూ కలిసి నా నోరు కాల్చారు. మీ చదువు బంగారంగాను!"

చెల్లెలు నీళ్ళు తల్లి గ్లాసులోకి ఒంపింది. టీ నీళ్ళ గ్లాసులోకి ఒంపింది. తర్వాత తల్లి గ్లాసులోని నీళ్ళని అన్న గ్లాసులోకి. "వచ్చింది!" అంది. అతనూ నవ్వాడు. కాసేపు ఆ గదిలో పదింటి సంగతి ఎవరికీ గుర్తులేదు.

గుర్తొచ్చింది కూడా ముందు అతనికే. కాగితం ఆమె ముందుకి జరిపాడు.

"ఇప్పుడు వచ్చేసిందిగా. మిగతావాళ్ళలా ఉత్తినే అచ్చు వేయించొద్దు. నీకు తెలిసిందే, సరైనదే రాయి. ఎవరినీ మోసం చేసినట్టు కాదు."

చెల్లెలి నవ్వు మెల్లగా ఆగిపోయింది. "దీనిమీద నిన్నటి తేదీ ఉంది."

"ఉంటే?"

"నిన్న నాకు రాలేదు."

"తేదీలో ఏముందే!" అంది తల్లి. "వీడి ఉద్యోగం పోతే? నా కళ్ళు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయనుకున్నావు? మొన్న సూపర్‌వైజరు నేను పాస్ చేసిన బట్టలన్నీ తిరగేసి చూపించాడు. నాకు ఒక్క తప్పు కుట్టూ కనపడలేదే తల్లీ."

చెల్లెలు తల్లి చెయ్యి పట్టుకుంది. ఏడుస్తూనే చెప్పింది. "ఆ కంపెనీవాళ్ళు నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టి ఏదో ఒకటి రాయమంటారు కదమ్మా. పోయినేడు మా సీనియర్లని అలాగే కూర్చోబెట్టారు. మనవాళ్ళు ఒక్కరు కూడా రాయలేకపోయారు. అందరూ ఫస్టు క్లాసే." అన్న వైపు చూడకుండా అంది. "నీకేం పేరు పెట్టారో తెలుసా అన్నయ్యా?"

తెలుసు. వరండాలో నడుస్తుంటే వెనకనుంచి చాలాసార్లు విన్నాడు. ఔట్‌పుట్ సారు.

"ఆ మాట అని వాళ్ళు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే నేను నీ చెల్లెల్నని గుర్తొస్తుందేమోనని." కళ్ళు తుడుచుకుంది. "నాకు ఫెయిలే వెయ్యి. మళ్ళీ రాస్తాను. అప్పుడు వస్తుంది నాకు."

కరెంటు వచ్చింది. ఇస్త్రీపెట్టె ఎర్రదీపం వెలిగింది. అతను ప్లగ్గు పీకేశాడు. ఒక చెయ్యి ముడతలతోనే చొక్కా తొడుక్కున్నాడు. ఫోను మోగింది. తెరమీద పెద్దసారు పేరు. చూశాడు, మోగుతున్న ఫోనుని అలాగే జేబులో వేసుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ చెల్లెలి నోటుబుక్కుని చూశాడు, తల్లి కళ్ళల్లోకి మాత్రం చూడలేకపోయాడు. గుమ్మం దాటాడు.

తల్లి గ్లాసులు తియ్యబోయి ఆగింది. నీళ్ళ గ్లాసు కింద కాగితం అలాగే ఉంది. గ్లాసు అడుగు తడికి సంతకం దగ్గర గుండ్రంగా మరక పడుతోంది.

"ఒరేయ్! కాగితం మర్చిపోయావురా!"

మెట్లమీద ఫోను మోత కిందికి దిగుతూ వినపడింది. సందులోకి వెళ్ళింది. మలుపు దగ్గర ఆగిపోయింది. అతను ఎత్తాడో, దానంతట అదే ఆగిందో పైనున్న ఇద్దరికీ తెలియలేదు.