శవం లేని జాగరణ

"మా అన్నని చంపింది జర్మన్ గుండు కాదు, నువ్వు! బండెక్కి నిలబడి 'సైన్యంలో చేరండ్రా, ఇంగ్లండుకి సాయపడితే మన రాజ్యం మనకిస్తారు' అన్నావే, ఆ నోరు చంపింది. ఇవాళ అదే నోటితో తెర దించమంటావా?"

హోనర్ టూహీ నాటక వేదిక మీంచి వేలు చూపించింది. ముందు బెంచీలో డినీ ప్రెండర్‌గాస్ట్. అప్పుడు ఇంగ్లండు సైన్యానికి కుర్రాళ్లని పోగుచేసినవాడు, ఇప్పుడు ఈ హాలుకి పెద్ద, ఊరికి దేశభక్తుడు.

నాటకం ఆమే రాసింది. అందులో నాయకుడు ఫ్లాండర్స్ యుద్ధంలో, బురదలో చచ్చిపోయిన కవి మాలకీ, ఆమె అన్న. వాడు పొలం దున్నుతూ పద్యాలు కట్టినంతసేపూ జనం చప్పట్లు కొట్టారు. మూడో అంకంలో ఆ వేషం కట్టిన ఫింటన్, చచ్చిపోయిన మాలకీ ఆత్మగా, సిపాయి ఖాకీ కోటుతో రాగానే ప్రెండర్‌గాస్ట్ లేచాడు.

"ఇంగ్లండు రాజు కోటు ఈ హాల్లో కనబడ్డానికి వీల్లేదు! తెర దించండి!"

ఫింటన్ కోటు విప్పి పడేశాడు. "నన్నొదిలెయ్ హోనరక్కా. మా నాన్న చూస్తున్నాడు."

మాలకీ పోయిన కబురు వచ్చేనాటికే డబ్లిన్‌లో తమ మీద తిరగబడ్డవాళ్లని ఇంగ్లీషువాళ్లు కాల్చేశారు, ఊరి గాలి మారిపోయింది; ఇంగ్లండు కోటు తొడిగినవాడు ద్రోహి అయిపోయాడు. శవం ఇంటికి రాలేదు గనక, తల్లి బెడీలియా ఖాళీ మంచం మీద కొడుకు టోపీ పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వచ్చేవాళ్లకి టీ, పొగాకు సిద్ధం చేసి కూర్చుంది. చావింట రాత్రంతా మేలుకుని కూర్చునే జాగరణకి పగవాడైనా వస్తాడు ఆ దేశంలో. ఆ ఇంటి గడప ఒక్కడూ తొక్కలేదు.

మూడో అంకం ఆ జాగరణే. మంచం పక్కన కూర్చున్నది వేషం కట్టిన మనిషి కాదు, బెడీలియాయే. చూపు పోయింది. ఈ చలికాలం దాటదన్నాడు డాక్టరు. ఈసారైనా ఊరు వస్తుందని ఆమెకి మాటిచ్చి తీసుకొచ్చింది హోనర్.

"ఎవరైనా వచ్చారా, అమ్మాయ్?"

"వస్తున్నారమ్మా."

"పొగాకు అసలుదేనా, ఉత్తుత్తిదా?" వెనకనించి ఎవడో అన్నాడు. నవ్వులు. తర్వాత బెంచీలు కదిలాయి, తలుపు వైపు.

ముసలామె చెయ్యి గాల్లోకి చాచి ఉంచింది. హోనర్ వేదిక అంచుకి వచ్చి నిలబడింది. అమ్మ ఇలాగే పోతుంది. ఒక్క పలకరింపు లేకుండా.

"ఆగండి! నాటకం లేదు, ఏమీ లేదు, చావిల్లు ఇది. ప్రెండర్‌గాస్ట్, ముందు నువ్వు. టోపీ తియ్యి. మెట్లెక్కు. మా అమ్మ చెయ్యి పట్టుకుని 'నీ కొడుకు పోయాడు, మాకూ బాధగా ఉంది' అని చెప్పు. నీ వెనకాల మిగతావాళ్లంతా. రేపు కాదు. ఇప్పుడే ఎక్కండి!"