మెకిండోర్ వాళ్ల గడప

మెకిండోర్ అంటే దేశదిమ్మరి కొడుకు అని అర్థం. వినడానికి తిట్టులా ఉంటుంది గానీ, స్కాట్లండు కొండల్లోని ఆ లోయలో అంతకన్నా పెద్ద పేరు లేదు. ఎప్పుడో పోయిన ఓ మునిగారి చేతికర్ర ఆ ఇంట్లో ఉంటుంది. లోయలో ఎవరి గొడ్డు దొంగలపాలైనా, ఓ జత జోళ్లూ మొదటి రాత్రికి తిండీ తెచ్చి వాళ్ల గడప మీద పెడితే చాలు. ఆ ఇంటివాళ్లు కర్ర పుచ్చుకుని, గొడ్డు దొరికేదాకా కొండలు పట్టుకు తిరగాల్సిందే. పేరు అలా వచ్చింది.

ముసలి డూగల్ మెకిండోర్ చనిపోయిన నెలకే ఉనా ఆవును ఎత్తుకుపోయారు. మొగుడు పోయిన మనిషి, ముగ్గురు పిల్లలు, ఉన్నది ఒక్క ఆవు. పాపం, చచ్చిన మొగుడి జోళ్లే తెచ్చి, రెండు ఓట్స్ రొట్టెలతో గడప మీద పెట్టింది. ఇంట్లో ఉన్నది డూగల్ ఒక్కగానొక్క కూతురు మార్సలి.

పొరుగింటి టోర్కిల్ గోడకానుకుని నవ్వాడు. "ఎవరికి పెడుతున్నావే ఉనా? పేరు గొప్ప, ఊరు దిబ్బ. మగదిక్కు లేని కొంపలో ఇంకేం మెకిండోర్? ఆ పేరు ముసలాడితోనే మట్టిలో కలిసింది."

మార్సలికి ఒళ్లు మండింది. భయమూ వేసింది, లేదంటే అబద్ధం. తను కదలకపోతే టోర్కిల్ అన్నదే నిజమవుతుంది, ఉనా పిల్లలు పాలకు మొహం వాచిపోతారు. పెద్ద జోళ్లలో ఉన్ని కుక్కి కాళ్లు దూర్చి, కర్ర అందుకుంది.

"నువ్వు వెళ్తావా తల్లీ?"

"నా గడప మీదే కదా పెట్టావు పిన్నీ."

రెండు రొట్టెలూ మొదటి రాత్రికే సరి. మూడో సాయంత్రానికి గిట్టల జాడ కనుమ అవతల ఓ కొట్టం ముందు ఆగింది. గడ్డపువాడొకడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మెకిండోర్‌ని. ఆవు కోసం వచ్చాను" అంది మార్సలి.

"కర్ర పట్టుకున్న ప్రతిదీ మెకిండోరేనా? పోవే."

అతని తల్లి గిన్నెడు వేడి మాంసం చారు తెచ్చి అందించింది. వాసనకే మార్సలికి కళ్లు తిరిగాయి. అయినా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దమ్మా. మొదటి రాత్రికి ఉనా పెట్టింది. ఆవు చేతికొచ్చేదాకా ఇంకెవరింటా ముట్టకూడదు."

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "అప్పట్లో మీ నాన్న తోలుకొచ్చిన ఆవు కోసం వీళ్ల నాన్నా వచ్చాడు. ఇదే గిన్నె, ఇదే మాట. తలుపు తియ్యరా."

మరుసటి వసంతంలో టోర్కిల్ పెయ్య దొంగలపాలైంది. పొద్దున్నే మార్సలి తలుపు తీస్తే గడప మీద రొట్టెలు, కొత్త జోళ్లు. టోర్కిల్ నేల చూపులు చూస్తున్నాడు. ఆమె ఉన్ని కోసం లోపలికి పోబోయి, ఎందుకో పాదం పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయాయి.

"నా కొలత నీకెలా తెలుసు మామా?"

"ఆ జోళ్లు అరిగిపోయి, ఉనా ఆవును ఉత్తకాళ్లతో తోలుకొచ్చావుగా. మా గుమ్మం ముందు బురదలో నీ అడుగులు పడ్డాయి. అప్పుడే కొలుచుకున్నా."

మార్సలి గోడ మీది కర్ర తీసింది. "పెయ్య ఏ రంగు?" అంది.