దిగులున్న ఇల్లు

"లైసెన్సుదేముందండీ, అదో కాగితం. పుస్తకం బట్టీ పట్టి పరీక్ష రాస్తే ఎవరికైనా వస్తుంది. డీల్ పట్టడం రావాలి. అదీ అసలు విద్య!"

ముందు హాల్లోంచి భర్త గొంతు వినబడేసరికి ఆమె వంటింట్లో టీ వడకడుతోంది. ప్రతి ఆదివారం ఆ మాట వస్తుంది, ఆ మాటకి నవ్వులొస్తాయి. ఆ నవ్వులు తగ్గేలోపు ట్రే హాల్లోకి వెళ్లాలి. ఇళ్లూ స్థలాలూ కొని అమ్మి బాగుపడదామని కొత్తగా దిగేవాళ్లకి ఆయన క్లాసులు చెబుతాడు. బ్యాంకులో రిటైరైన పెద్దమనిషి వస్తాడు, ఉద్యోగం పోయినవాడొస్తాడు, పెళ్లాం నగల మీద కన్నేసిన కొత్త పెళ్లికొడుకొస్తాడు. అందరూ ఆయన్ని డీల్ మాస్టారంటారు. ఆమెను ఏమని పిలవాలో తెలియక, "టీ చాలా బావుందండీ" అంటారు.

ఆ కాగితం, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు లైసెన్సు, ఆమెది. పెళ్లైన కొత్తలో పరీక్షకి కట్టింది ఆయనే. ఆయన మంచం మీద వాలి కళ్లు మూసుకుంటే, ఆమె ఓ చేత్తో కూర కలుపుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని ప్రశ్నలు చదివేది. ఆయన నసిగేలోపు జవాబు తన నాలిక చివరికొచ్చేది, వచ్చినా మింగేసేది. ఆయన తప్పాడు. మళ్లీ రాసి మళ్లీ తప్పాడు. "ఇన్నిసార్లు చదివావుగా, సరదాకి నువ్వూ రాసెయ్" అన్నాడు ఆ తర్వాత, పక్కన ఓడిపోవడానికి ఇంకొకరుంటే తనకి కాస్త ధైర్యంగా ఉంటుందని కాబోలు. ఆమె పాసైంది, ఆయన కాలేదు. అత్తగారు, "వాడికి చదివిపెట్టీ చదివిపెట్టీ వాడి తెలివి నీకంటుకుంది" అంది. ఆయన అక్కగారు, అంటే ఆమెకు వదిన, ఫోన్ చేసి మరీ, "ఇంక మా తమ్ముడు నీ దగ్గర నౌకరీ చెయ్యాలేమో!" అంది. ఆయన మాత్రం తొందరగానే తేరుకున్నాడు. "ఎవరి పేరైతేనేం, మనం వేరా?" అని ఆఫీసు తెరిచాడు. బయట బోర్డు మీద ఆయన ఫొటో వేయించాడు. లైసెన్సు గోడకి కనబడేలా తగిలించాలని రూలుంది కాబట్టి తగిలించాడు, తెరిచిన తలుపు వెనక్కి పోయేచోట.

ఆయన చెప్పే అసలు విద్య కూడా ఆమెదే. "డీల్ పేపర్లో దొరకదు, దిగులున్న ఇంట్లో దొరుకుతుంది" అంటాడు క్లాసులో. "చావు, విడాకులు, అన్నదమ్ముల గొడవ, ఊరు మారే తొందర. గేటు దగ్గర కాసేపు నిలబడండి, ఇల్లే చెబుతుంది." గేటు దగ్గర నిలబడేది ఆమె. ఉతకని కర్టెన్లు, మోకాలెత్తు పెరిగిన గడ్డి, కిటికీలో ఖాళీ మాత్రల అట్టలు, గుమ్మంలో ఒక్కటంటే ఒక్క జత చెప్పులు, ఇవన్నీ చూసేది ఆమె. మగవాళ్లకి తలుపు ఓరగా తీసే ఆడవాళ్లు ఆమెకు బార్లా తీసి వంటింట్లో స్టూలు వేసేవాళ్లు. ఆమె గుచ్చి గుచ్చి అడిగేది కాదు, ఊరికే వినేది. తన మాట వినేవాళ్లు లేని ఇంట్లో ఇన్నేళ్లుండటం వల్ల ఎదుటివాళ్ల మాట వినడం బాగా వచ్చేసింది. ఇంటికొచ్చి ఆయనకు చెప్పేది: కొడుకు తొందరపెడుతున్నాడు, ఆవిడకి ఒంటరిగా పడుకోవాలంటే భయం. మర్నాడు ఆయన వెళ్లి సరిగ్గా ఆ భయం మీద వేలు పెట్టేవాడు. అవసరంలో ఉన్నవాళ్లకి సాయం చేస్తున్నామనే మొదట్లో అనుకుంది. రాను రాను ఆ ఇళ్లలో ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా లేచి రావడం మొదలుపెట్టింది. అయినా వెళ్లేది. వెళ్లనంటే, "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అంటాడు. చేసేదంతా కళ్ల ముందే కనబడుతున్నా ఆ మాట ఎలా అనగలడో ఆమెకెప్పుడూ అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లో వదిన భర్త గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. రెండు రోడ్లు కలిసేచోట, మూలమీద, ఆ దంపతులు కట్టుకున్న ఇల్లుంది. కార్యక్రమాలయ్యి చుట్టాలు వెళ్లిపోయాక ఆయన ఆమెను పక్కకి పిలిచాడు.

"అక్క దగ్గర నాలుగు రోజులుండిరా. వండిపెట్టు. మాటల్లో మాటగా ఇల్లు అమ్మే ఉద్దేశం ఉందేమో కనుక్కో. ఎంతొస్తుందనుకుంటోందో కూడా."

"సొంత అక్క కదండీ."

"అందుకేగా, బయటివాడు మోసం చెయ్యకముందే మనం తీసుకుందామంటున్నాను. ఆ రోడ్డు చివర కొత్త బస్ స్టేషన్ ఖాయమైంది. పేపర్లోకి రాకముందే అయిపోవాలి."

ఆమె వెళ్లింది. వదిన తలుపు తీసి, "నువ్వా" అని వెనక్కి తిరిగి నడిచింది. లోపల మంచం నిండా పోయినాయన చొక్కాలు. వదిన వాటిని మడతపెడుతోంది, పెట్టినవి విప్పి మళ్లీ మడతపెడుతోంది. ఎప్పుడూ నోట్లో ముల్లు పెట్టుకుని మాట్లాడే మనిషి, ఆ రెండు రోజులూ వంకలేమీ పెట్టకుండా పెట్టింది తింది. అదే భయంగా అనిపించింది ఆమెకు. మూడోరోజు కూర తరుగుతూ వదిన తనంతట తనే అంది. "వాన పడితే పడకగది కారుతుంది. చీకటి పడితే వెనక తలుపు ఎవరో తోస్తున్నట్టుంటుంది. ఈ ఇల్లు నావల్ల కాదు. తమ్ముడికి చెప్పు, ఎంతిస్తే అంతకి తీసుకోమని."

ఇంత తేలిగ్గా ఏ డీలూ ఆమె చేతికి రాలేదు. ఊరుకుంటే చాలు, వేరే ఏమీ చెయ్యక్కర్లేదు. ఉప్పు ఎక్కువైందని పదిమందిలో కంచం తోసేసిన వదిన, గర్భం పోయి పడుకున్న తనని చూసి "మా ఇంట్లో ఇలాంటివి లేవమ్మా" అన్న వదిన, ఇప్పుడు వంకాయ ముచిక కూడా తియ్యకుండా నీళ్లలో వేసేస్తోంది. ఊరుకోవాలనే అనిపించింది ఆమెకు, అబద్ధమెందుకు. కానీ ఆ ముచికతో ఉన్న వంకాయ నీళ్లలో గుండ్రంగా తిరుగుతుంటే చూస్తూ చూస్తూ నోరు దానంతటదే కదిలింది.

"వదినా, ఇప్పుడే అమ్మకండి. ఆ చివర బస్ స్టేషన్ వస్తోంది. ఇంకెవరి చేతైనా ధర కట్టించుకోండి. మీ తమ్ముడికి కాదు, ముందు బయటివాళ్లకి చూపించండి."

వదిన కత్తి కింద పెట్టింది. "అంటే, నా తమ్ముడు నన్ను ముంచుతాడంటావా?"

"నేను చూసింది చెబుతున్నాను."

"నువ్వు కోడలిగా వచ్చిన రోజునుంచీ చూస్తున్నాను. మా అక్కాతమ్ముళ్ల మధ్య ఎప్పుడు దూరదామా అనే నీ ఆత్రం." వదిన లేచి పక్కగదిలోకి వెళ్లి ఫోన్ చేసింది. గోడ అవతలినుంచి ప్రతి ముక్కా వినబడింది.

ఇంటికొచ్చేసరికి ఆయన ఆపిల్ కోసుకుంటున్నాడు. అరవలేదు. అరిచినా బావుండేది. "మా అక్కంటే నీకు పడదని తెలుసు. నామీద కూడా ఇంత కసి ఉందని తెలీదు" అని ఓ ముక్క నోట్లో వేసుకున్నాడు. "సంతకం నీది కావాలేమోనని చూస్తున్నావా? సొంతమనిషి దగ్గర సొంతానికి కొనుక్కోడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. పరీక్ష పాసైనదానివి, ఆపాటి తెలీదూ?"

తెలుసు. అదే ఆమె బాధ.

ఇల్లు ఆయన పేరు మీదకి మారింది. మంచి ఫ్లాటు దొరికేదాకా అని వదిన ఒక పెట్టెతో వీళ్లింటి వెనకగదిలోకి వచ్చింది. ఫ్లాటు దొరకలేదు. అడిగినప్పుడల్లా, "చూస్తున్నానుగా అక్కా, నీకేం తక్కువైందిక్కడ?" అనేవాడు. ఓ ఉదయం బస్ స్టేషన్ వార్త పేపర్లో పడింది, మ్యాపుతో సహా. వదిన ఆ పేజీ బల్లమీద పరిచి చాలాసేపు చూసింది. ఆ మూలని వేలితో ఒకసారి తడిమి పేజీ తిప్పేసింది. ఆమె అక్కడే నిలబడి ఉంది. చెప్పానా అనే మాటకి ఆ ఇంట్లో చోటు లేదు, ఆమెకు ఓపికా లేదు. ఆ రోజునుంచి వదిన ఫ్లాటు ఊసెత్తడం మానేసింది. ఆదివారాలు అడక్కుండానే టీ ట్రే అందుకునేది. స్టూడెంట్లు ఆవిడతో కూడా, "టీ బావుందండీ" అనేవాళ్లు.

ఇంకెవరి ఇంటి గేటు దగ్గరా నిలబడనని ఆమె చెప్పేసింది. ఆయన పట్టించుకోలేదు. క్లాసుకొచ్చేవాళ్లనే ఊరిమీదకి వదిలాడు. "పరీక్షలూ గిరీక్షలూ ఎందుకు? మన ఆఫీసు లైసెన్సు కింద పనిచెయ్యండి, వచ్చినదాంట్లో నాకింత వాటా ఇవ్వండి చాలు" అన్నాడు. అంటే రేపట్నుంచి ఇంతమంది ఇన్ని గేట్ల దగ్గర నిలబడేది తన పేరు మీద. శుక్రవారం ఆమె కూరగాయలకని బయల్దేరి నేరుగా లైసెన్సులిచ్చే ఆఫీసుకి వెళ్లింది. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, "ఈ సంస్థలోంచి మీరు తప్పుకుంటే వాళ్ల పని ఆగిపోతుందండీ. ఓనరుకి తెలుసా?" అంది.

"తెలుస్తుంది" అంది ఆమె. వస్తూ వస్తూ కూరగాయలు కూడా కొంది.

ఆదివారం హాలు నిండింది. ఆయన మంచి ఊపుమీదున్నాడు. "నా జీవితంలో బెస్ట్ డీల్ చెబుతాను. మూలమీద ఇల్లు. మొగుడు పోయిన మనిషి. ఎవరిదని అడక్కండి. నేను ధర అడగలేదు, బేరం చెయ్యలేదు. ఒక్కటే అన్నాను, ఇంత ఇంట్లో ఒక్కదానివీ ఎలా ఉంటావు, అని. అంతే!" నవ్వులు. వదిన ట్రేతో రెండో వరసలో ఉంది. అందించబోయిన కప్పు మళ్లీ ట్రేలో పెట్టేసింది.

వెనకవరసలో కొత్తగా చేరిన నర్సు చెయ్యెత్తింది. "సార్, మేం మీ లైసెన్సు కింద చేస్తే రేపు ఏదైనా గొడవొస్తే ఎవరిది బాధ్యత?"

"నాదేనమ్మా! నా లైసెన్సు, నా బాధ్యత."

"ఆయనకి లైసెన్సు లేదండీ" అంది ఆమె వంటింటి గుమ్మంలోంచి. టీ చల్లారిపోతోందని చెప్పేటప్పుడు ఎంత గొంతు పడుతుందో అంతే. "అది నాది. శుక్రవారం వెనక్కి తీసేసుకున్నాను. ఇవాళ్టినుంచి ఇక్కడ ఎవరికీ లేదు."

"మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ" అని ఆయన నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. బ్యాంకు పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నర్సు బ్యాగు తగిలించుకుని లేచింది. ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు. కట్టిన ఫీజు సంగతేంటని ఎవరో అడుగుతుంటే ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు, లైసెన్సున్న ఇంకో మనిషి కోసం. దొరుకుతాడు. అది ఆమెకూ తెలుసు.

వెనకగదిలో బీరువా ఉంది. ఆమె బట్టలు తీసి బ్యాగులో పెట్టుకుంటుంటే వదిన మంచం అంచున కూర్చుని చూసింది.

"ఎక్కడికి?"

"ముందు ఓ గది వెతుక్కోవాలి. పని తర్వాత. మీరూ వస్తారా వదినా?"

వదిన బ్యాగు వంక చూసింది. "ఇదంతా చేశావు. నా ఇల్లు మాత్రం తిరిగి రాదుగా."

"రాదు వదినా."

తల ఊపింది వదిన. కోపం లేదు, మెప్పూ లేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచి, గోడ గడియారం వంక చూసి, "వాడికి ఆకలేస్తూ ఉంటుంది" అని వంటింట్లోకి నడిచింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు, స్టవ్ వెలిగించిన చప్పుడు. తను ఖాళీ చేస్తున్న చోటు ఈ ఇంట్లో ఒక్కపూట కూడా ఖాళీగా ఉండదని అర్థమై ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి బ్యాగు జిప్పు లాగింది.